కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, పాత పని అలాగే ఉంది

ఆఫీసులో పని నత్తనడక నడుస్తోందంటే ముందుగా వినిపించే మాట, "కొత్త సాఫ్ట్‌వేర్ పెడదాం." మన పాఠకుల్లో చాలామందికి బతుకుతెరువు ఆ సాఫ్ట్‌వేరే. అందుకే మనమే గట్టిగా చెప్పాలి: పని జరిగే తీరు మార్చకుండా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే లోపాలూ దాంతోపాటే ఎక్కుతాయి.

అమెరికా కార్ల కంపెనీ ఫోర్డ్ సంగతే చూడండి. 1980ల మొదట్లో ఉత్తర అమెరికాలో సరఫరాదారులకు డబ్బు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లతో ఆ సంఖ్యను 400కి తేవచ్చని లెక్కలు వేసుకున్నారు. తీరా చూస్తే జపాన్ కార్ల కంపెనీ మజ్దాలో ఆ పని చేస్తున్నది ఐదుగురు. మజ్దా చిన్న కంపెనీయే, కానీ అంత తేడాకు అదొక్కటే కారణం కాదు. ఫోర్డ్‌లో ఆర్డరు, సరుకు అందిన రసీదు, సరఫరాదారు పంపే బిల్లు (ఇన్‌వాయిస్) పక్కపక్కన పెట్టుకుని 14 అంశాలు సరిచూసేవారు. ఎక్కడ తేడా వచ్చినా చెల్లింపు ఆగిపోయేది. చివరికి ఇన్‌వాయిస్‌నే తీసేశారు. సరుకు దిగేచోటే గుమస్తా కంప్యూటర్‌లో ఆర్డరు చూసేవాడు, సరిపోతే దింపుకునేవాడు, చెక్కు దానంతటదే తయారయ్యేది. 14 అంశాలు మూడయ్యాయి, సిబ్బంది 75 శాతం తగ్గారు. కంప్యూటర్ పనికొచ్చింది, అసలు ఇన్‌వాయిస్ ఎందుకని ఎవరో అడిగారు కాబట్టి.

ఆ 75 శాతం చూస్తేనే ఉద్యోగులకు టెన్షన్. ఆ భయం ఉత్తిది కాదు. తన ఉద్యోగమే పోతుందనుకునే మనిషి తనకు తెలిసిన లొసుగులు ఎందుకు బయటపెడతాడు? ఖాళీ అయినవాళ్లకు ఏ పని ఇస్తారో యాజమాన్యం ముందే చెప్పి తీరాలి.

జనం చురుగ్గా పనిచేస్తే చాలన్నది ఇంకో అపోహ. ఒక కొనుగోలు అనుమతికి వారం పట్టిందనుకోండి. దాని మీద నిజంగా జరిగిన పని అరగంట కూడా ఉండదు. మిగతా కాలమంతా అది ఎవరో ఒకరి ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. ఆ అరగంటను పావుగంట చేయడానికి శిక్షణ తరగతులు పెడతారు గానీ, ఐదో సంతకం దేనికని అడగరు. ఎప్పుడో జరిగిన పొరపాటుకు భయపడి పెట్టిన సంతకం అయ్యుంటుంది. ఆ పొరపాటు ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు.

బయటి కన్సల్టెంటుకే అన్నీ తెలుస్తాయనుకోవడం కూడా తప్పే. టొయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే ఉత్పత్తి లైన్ మీద ఉన్న కార్మికుడే హెచ్చరిక తాడు లాగుతాడు, లేదా బటన్ నొక్కుతాడు. అక్కడికక్కడ సరికాకపోతే లైన్ ఆగుతుంది. మన ఆఫీసుల్లో ఆ అధికారం ఎంతమందికి ఉంది? రోజూ ఆ ఫారాలు నింపే ఉద్యోగిని మీటింగుకు పిలిచి, ముందు ఆమె మాట వినండి. కన్సల్టెంటు స్లైడ్లు తర్వాత చూడొచ్చు.