‘నాకు ఈతొచ్చు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘నాకు ఈతొచ్చు’ గారికి,

నాగార్జునసాగర్ జలాశయంలో పుట్టి అనే గుండ్రటి పడవ వేసుకుని చేపల వేటకు వెళ్లే ఒకడు నమస్కరించి రాసుకునే లేఖ. తెల్లవారుజామున తెడ్డు భుజాన వేసుకుని బయలుదేరేటప్పుడు, ఆ లైఫ్ జాకెట్ తొడుక్కోరాదా అని ఇంట్లో అడిగిన ప్రతిసారీ నా నోటి నుంచి వెలువడి వాళ్ల నోరు మూయించేది తమరే కాబట్టి, ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవడం మర్యాద.

తమరి జన్మస్థలం మా ఊరి దిగుడు బావి. నడుముకు మునగబెండ్లు కట్టి మా మేనమామ నన్ను అందులోకి దింపాడు. బెండ్లు విప్పి పారేసిన రోజున తమరు పుట్టారు. ఆనాటి నుంచి ఒంటికి మళ్లీ బెండు కట్టుకోవడమంటే మాకు నామోషీ. వల పైతాడుకు మాత్రం మూరకొక బెండు గుచ్చుతాం, ఎందుకంటే వల డబ్బు పెట్టి కొన్నది, మునిగిపోతే నష్టం.

అయితే ఆ బావిలో ఎటు ఈదినా నాలుగు బారల్లో మెట్టు తగిలేదన్న సంగతి తమరు సాగర్‌కు వచ్చాక కూడా మరచిపోయినట్లు లేరు. సముద్ర మట్టం నుంచి లెక్కిస్తే ఈ జలాశయం నీటిమట్టం నిండితే 590 అడుగులు, తోడుకుంటూ పోతే 510 అడుగుల దాకా దిగుతుంది. అందువల్ల కార్తీకంలో నిశ్చింతగా దాటిన చోటనే వైశాఖంలో చెట్ల మొద్దులూ బండరాళ్లూ నీటికి జానెడు కింద కాచుకుని ఉంటాయి. మధ్యాహ్నం దాకా అద్దంలా ఉన్న నీరు సాయంత్రం ఈదురుగాలి లేవగానే ఎంత ఎత్తున అలలు ఎత్తుతుందో తమరికి చెప్పనక్కరలేదు, ఆ సమయానికి తమరు ఎప్పుడూ మౌనంగానే ఉంటారు.

పోయిన వేసవిలో తమరి పాండిత్యాన్ని దగ్గరగా చూసే భాగ్యం కలిగింది. వల మొద్దుకు తగులుకుంది. నేను లేచి నిలబడి లాగాను, తెడ్డు వేస్తున్న మా బావమరిది కూడా సాయానికి అదే వైపు ఒరిగాడు. పుట్టి గుండ్రనిది, పడవను ఒరగకుండా పట్టి నిలిపే వెన్నుదూలం దీని అడుగున లేదు, కాబట్టి తన ధర్మం ప్రకారం బోర్లా పడింది. తమరూ నాతోపాటే నీళ్లలోకి దిగారు గానీ, నైలాన్ వల రెండు కాళ్లకూ చుట్టుకున్నాక, తమరు నేర్పిన విద్యలో కాళ్లు ఆడించకుండా ఈదే పాఠం లేదని తెలిసింది. మొలలో చాకు ఉన్న మా బావమరిది, ఖరీదు లెక్క చూసుకోకుండా వల కోసేశాడు. అరవడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. మునిగేవాడు కేకలు వేస్తాడని ఎవరు చెప్పారో గాని, నోరు నీటి పైన ఉంటే కదా కేక!

ఇక తమరి అసలు సలహా అప్పుడు వచ్చింది: “ఒడ్డు అదిగో, ఈదేద్దాం పద.” నీటి మీద దూరం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. “కదిలావంటే చంపుతా, పుట్టి పట్టుకో” అని మా బావమరిది అన్న మాట తమరి మాటంత గంభీరంగా లేకపోయినా, బోర్లా పడిన పుట్టి తేలుతూనే ఉన్నందువల్ల, ఇంకొక పుట్టివాళ్లు మమ్మల్ని దూరం నుంచే చూడగలిగారు.

ఇంతకూ ఆ లైఫ్ జాకెట్ ఆ రోజు ఎక్కడుందంటే, పుట్టిలో నా కింద ఉంది. కూర్చోవడానికి మెత్తగా ఉంటుంది మరి. రోజూ కూర్చుంటే లోపలి ఫోమ్ అణగారి తేలే శక్తి తగ్గుతుందనీ, తేలే శక్తి 100 న్యూటన్లు ఉన్న రకమైతే స్పృహ తప్పినవాడిని కూడా చాలావరకు వెల్లకిలా తిప్పి ముఖం నీటిపైన ఉంచుతుందనీ నాకు తరువాత తెలిసింది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి తమరు ఏం చేయగలరో సెలవిస్తే తెలుసుకుంటాను.

తమరి వంశంలో పెద్దవారైన ‘గజ ఈతగాళ్లు’ పత్రికల్లో తరచూ కనిపిస్తారు, కానీ పాపం, వారిని పిలిచేది మరుసటి రోజున, శవాన్ని వెతకడానికి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద మరణానికి 5 లక్షల బీమా ఉంది. అందులో ఒక్క రూపాయి కూడా తమరి పేరున రాదు, చనిపోయినవాడికి ఈత వచ్చా రాదా అని ఆ కాగితాల్లో ఎవరూ అడగరు.

రేపటి నుంచి తమరు పుట్టి ఎక్కనక్కరలేదు. ఆదివారాలు బావి దగ్గర మా పిల్లలకు తోడుగా ఉండండి.

ఇట్లు,
సగం వల మిగిలినవాడు

తా.క.: కూర్చోవడానికి పాత గోనెసంచి మడిచి వేసుకున్నాను. జాకెట్ కంటే గట్టిగా ఉంది, నడుము నొప్పిగా ఉంది.