డేటా భద్రపరచడానికి గ్రాంటులో డబ్బు దండగా?

రీసెర్చ్ చేసేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: "రీసెర్చ్ జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చేసింది, ఇక పరిశోధన అందరికీ ఫ్రీ. డేటా షేరింగ్ అంటూ గ్రాంటులో వేరే డబ్బు దండగ. కావాలంటే మెయిల్ పెడితే పంపిస్తారు. పైగా డేటా బయటపెడితే ఇంకొకరు కొట్టేస్తారు." ఇందులో ఒక్కటీ నిలబడదు.

"అందరికీ ఫ్రీ" అన్నది ముందు చూద్దాం. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఈ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 మంది పబ్లిషర్ల జర్నళ్లు సుమారు 13,000 వస్తాయి. పథకం మంచిదే. కానీ ఆమోదించినప్పుడు అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ భాగం ప్రైవేటువే, వాటిలో పాఠాలు చెప్పేవాళ్ల సంగతేమిటి? పైగా ఇది చందా, కట్టినన్నాళ్లే. చదవడానికి దొరికేది కూడా పేపరే, దాని వెనకున్న డేటా కాదు.

మెయిల్ పెడితే పంపిస్తారా? 516 పేపర్ల రచయితలను డేటా అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. పేపరు పాతబడే కొద్దీ డేటా ఇంకా మిగిలి ఉండే అవకాశం ఏటా 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. పాత మెయిల్ అడ్రసులు కూడా పనిచేయకుండా పోతున్నాయి. ఇది ఎవరి చెడ్డతనమూ కాదు. స్కాలర్ పీహెచ్‌డీ ముగించి వెళ్లిపోతాడు, ఫైళ్లు అతని పాత ల్యాప్‌టాప్‌లో ఉండిపోతాయి. దొరికినా ఏం లాభం? ఎక్సెల్ షీట్‌లో "దిగుబడి" అని కాలమ్ ఉంటుంది, అది ఎకరానికా హెక్టారుకా ఎక్కడా రాసి ఉండదు. ఖాళీ గడి అంటే పంట రాలేదనా, కొలవలేదనా? ఇవన్నీ పని జరుగుతున్నప్పుడే సరిచేసి రాసిపెట్టాలి. దానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. గ్రాంటులో అడిగేది ఆ డబ్బే. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్, డేటాను ఎలా భద్రపరిచి పంచుతారో చెప్పే ప్లాన్‌ను 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసింది, ఆ ఖర్చును బడ్జెట్‌లో చూపించుకోనిస్తోంది కూడా.

కొట్టేస్తారన్న భయం, ముఖ్యంగా కుర్ర స్కాలర్లకు, నిజంగానే ఉంది. అయితే రిపాజిటరీలో, అంటే డేటాను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టిన డేటాకు మీ పేరు, తేదీ, డీఓఐ (దానికంటూ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటాయి. పేపరు వచ్చేదాకా మూసి ఉంచుకునే వీలు చాలా చోట్ల ఉంది. మనుషుల డేటా అయితే అసలు అందరికీ తెరిచి పెట్టరు. భారతీయుల జన్యువులను చదివే ప్రాజెక్టు జీనోమ్ ఇండియా సేకరించిన సుమారు 10,000 మంది జన్యు సమాచారం ఫరీదాబాద్ డేటా సెంటర్‌లో ఉంది. దాన్ని నిబంధనల ప్రకారం దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకే ఇస్తారు.