లోపలున్న దొరగారికి

విజయనగరం,
గంట స్తంభం దగ్గర.

మహారాజశ్రీ ఇంటెల్ స్టిక్కరు దొరగారికి, జెరాక్స్ కొట్టువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం మొన్న సీపీయూ దుమ్ము తుడుస్తుంటే తెలిసింది. ఒక మూల ఊడింది, మెరుపు పోయింది. ‘ఇంటెల్ ఇన్‌సైడ్’, అంటే ‘లోపల నేనున్నాను’ అన్న ధీమా మాత్రం చెక్కుచెదరలేదు.

1991లో డబ్బాల మీదికెక్కిన దగ్గర్నుంచి తమరిది ఏం భోగం! కంప్యూటరుకి మెదడులాంటిదైనా కొన్నవాడి కంటికే ఆనని తమ చిప్పుని పేరు పెట్టి అడిగేలా చేశారు. నా నెట్ సెంటర్లో ఇంటర్ రిజల్ట్స్ రోజున తమరి చుట్టూ పాతికమంది పిల్లలు, వాళ్ల వెనక అమ్మానాన్నలు. మధ్యలో నేను, గుళ్లో పూజారిలాగ.

అప్పుడే ఐఫోనుకి చిప్పు కావాలని ఆపిల్ వాళ్లు తమరి గుమ్మానికొచ్చారు. ఇస్తామన్న ధర మన ఖర్చుకే చాలదని తమరి పెద్ద పాల్ ఒటెల్లినీ గారు పంపేశారు. 2013లో దిగిపోతూ ఆయనే చెప్పుకున్నారు: ఖర్చు లెక్క తప్పింది, అమ్మకాలేమో అనుకున్నదానికి వంద రెట్లయ్యాయి. ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాదు దొరా. రీచార్జి కూపన్లు అమ్మమని నా దగ్గరికీ ఒక కుర్రాడొచ్చాడు. వందకి రెండో మూడో మిగులుతుందట. “ఇది నెట్ సెంటరు బావూ, కిళ్లీ బడ్డీ కాదు” అన్నాను. పక్కనున్న కిళ్లీ బడ్డీవాడు తీసుకున్నాడు. ఇప్పుడతనిది రెండంతస్తుల సెల్ షాపు. కరెంటు బిల్లుకి చేబదులడగడానికి నేనెళ్లేది అక్కడికే.

మా పైడితల్లమ్మ పండగలో పూజారిని కూచోబెట్టి ఊరేగించే సిరిమానుకి ఏటా కొత్త చింతమానే. అదెక్కడుందో అమ్మే పూజారి కలలో కనబడి చెబుతుంది. నిరుటి మాను ఎంత గట్టిదైనా ఈ ఏడు కదలదు. తమరో? 2014లో ఎత్తిన 14 నానోమీటర్ల మాను (చిప్పు తయారీ పద్ధతికి పేరది, అంకె ఎంత చిన్నదైతే పద్ధతి అంత కొత్తది) మీదే 2021లోనూ డెస్క్‌టాప్ చిప్పుల్ని ఊరేగించారు. మధ్యమధ్య ఒక్కో ప్లస్ గుర్తు చేర్చారు, పసుపు బొట్టు పెట్టినట్టు. తర్వాతి 10 నానోమీటర్ల మాను వాయిదాల మీద వాయిదాలు పడి, సంతకి దండిగా రావడానికి 2019 అయింది. తమరి కలలోకి ఏ అమ్మా రాలేదో, వచ్చినా తమరు లేవలేదో. ఈలోగా తైవాన్లో టీఎస్ఎంసీ, తన పేరున ఒక్క చిప్పూ అమ్ముకోకుండా ఊరందరికీ చేసిపెడుతూ దాటిపోయింది. తమరి పోటీదారు ఏఎండీ అక్కడే చేయించుకుంది. 2020లో ఆపిల్ కూడా అక్కడే సొంత చిప్పు చేయించుకుని, తన కంప్యూటర్లలోంచి తమరిని దింపడం మొదలెట్టింది.

ఇక వీడియో గేముల్లో తెరమీది బొమ్మల కోసం చిప్పులతో మొదలైన ఎన్విడియా సంగతి. 2024 నవంబరులో అమెరికా స్టాక్ మార్కెట్లో ముప్ఫై పెద్ద కంపెనీల డౌ జోన్స్ పట్టికలోంచి తమరిని లేపి, అదే కుర్చీలో వాళ్లని కూచోబెట్టారు. మరుసటేడు అమెరికా ప్రభుత్వం తమరిలో 10 శాతం దాకా వాటా తీసుకుంది. ఎస్టేటు వ్యవహారం సర్కారు చేతికెళ్లడం మా ఊరికి కొత్త కాదు లెండి, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ రోజులు మా తాతలు చెప్పేవారు.

నిన్నొక గుంటడు ఫోను పట్టుకొచ్చి “అన్నా, పీడీఎఫ్ పంపినాను, ప్రింటు కొట్టు” అన్నాడు. తమరికేసి చూసి, “ఇదేటన్నా?” అన్నాడు.

“లోపల ఇంటెల్ ఉందని.”

“బయటేటుంది మరి?”

రెండు రూపాయలు తీసుకుని ప్రింటిచ్చాను.

ఇట్లు,
బయటున్నవాడు