అన్నింట్లో వేలు పెట్టే జాతి

మేం ఉండేది నార్త్ కరోలినా, కేరీలో. ఎండాకాలం వస్తే చాలు ఇండియా నుంచి చుట్టాలు దిగుతారు, దిగినోళ్లని కరోలినా బీచ్ స్టేట్ పార్కుకి తీసుకెళ్లి ఫ్లైట్రాప్ ట్రైల్ చూపించడం మన డ్యూటీ. వీనస్ ఫ్లైట్రాప్ అనే ఈ పురుగుల్ని తినే మొక్క ప్రపంచం మొత్తంలో సహజంగా మొలిచేది నార్త్, సౌత్ రెండు కరోలినాల్లో, అదీ ఈ పార్కు దగ్గరున్న విల్మింగ్టన్ ఊరి చుట్టుపక్కలే. 2005లో దీనికి రాష్ట్ర మాంసాహార మొక్క అని బిరుదు కూడా ఇచ్చారు.

ఇదంతా భక్తిగా విన్న మా బాబాయ్ వెంటనే గొంతుక్కూర్చుని అందులో వేలు పెట్టాడు.

ఆ మొక్క పద్ధతి చూడండి. పుస్తకంలా తెరుచుకున్న ఆకు, లోపల ఒక్కో వైపు మామూలుగా మూడేసి సన్నటి వెంట్రుకలు. ఒక్కసారి తగిలితే చినుకేదో పడిందిలే అన్నట్టు ఊరుకుంటుంది. ఇరవై సెకన్ల లోపు రెండోసారి తగిలిందా, సెకనులో పదో వంతులో టప్‌మని మూత! అప్పుడైనా తొందరపడదు. లోపలిది గింజుకుని లెక్క ఐదు దాకా వెళ్తేనే రసాలు ఊరించుకుంటుంది, అంచులు బిగించి ఆకునే పొట్ట చేసుకుని వారం పదిరోజులు తాపీగా అరిగించి, పురుగు డొల్లని మాత్రం గాలికి వదిలేస్తుంది. మెదడు లేని మొక్క లెక్కపెట్టుకుని మరీ భోంచేస్తోంది, పెళ్లిభోజనంలో మా బాబాయ్ బూరెల లెక్క ఇంతవరకూ ఎవరికీ తేలలేదు.

ఆకు మూసుకోగానే చప్పట్లు. ఏదీ ఏదీ నాకూ అంటూ బావమరిది కారు తాళంతో, వాడి కొడుకు జ్యూస్ స్ట్రాతో, పిన్ని తలలో పిన్నుతో, తలో ఆకూ పొడిచేశారు. చివరికి పిన్ని డబ్బా తీసి "పాపం ఆకలేసుంటుంది" అని జంతిక ముక్క పెట్టింది. జంతిక గింజుకోదు పిన్నీ!

"అయితే మనుషుల్ని తినదా?" అన్నాడు బాబాయ్, టికెట్ డబ్బులు దండగైనట్టు మొహం పెట్టి. పార్కుకి టికెట్టే లేదు.

తినదు బాబాయ్. ఆ ఇసక నేలలో నత్రజని లేక, ఈగకో చీమకో ఆశపడి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ఒక్కో ఆకు జన్మలో మూసుకోగలిగేది పట్టుమని కొన్నిసార్లే, తర్వాత నల్లబడి పోతుంది. ఊరికే మూయించామంటే దాని నోటికాడ కూడు లాగేసినట్టే. ఇంత చెప్తుంటే బావమరిది "బావా, ఒక్కటి పీకి సూట్‌కేసులో పెట్టేస్తే?" అంటాడు! ఒరేయ్, 2014 డిసెంబర్ నుంచి ఇక్కడది జైలుకెళ్లే నేరం రా. ఉన్నదే ఈ కాసింత నేలలో, అందులోనూ దొంగలు తవ్వుకుపోయి అమ్ముకుంటున్నారు, ఇక నువ్వొక్కడివే తక్కువయ్యావా, సిగ్గులేదా అసలు?

కార్లో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చేసరికి ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ వీడియో, "అమెరికాలో మనుషుల్ని తినే మొక్క, నా వేలు త్రుటిలో తప్పింది" అని. కింద రాజమండ్రి నుంచి పెద్దమ్మ: "జాగ్రత్త నాయనా, రాగానే దిష్టి తీయించుకో."