కణ భౌతికంలో ప్రకాశం జిల్లాకి కోటా కావాలి

దేశంలోని కణ భౌతిక శాస్త్రం (అతి సూక్ష్మ కణాల చదువు) పీహెచ్‌డీ సీట్లలో సగం ఉమ్మడి ప్రకాశం జిల్లా పిల్లలకే కేటాయించాలని పూర్తి బాధ్యతతో డిమాండ్ చేస్తున్నాను. సగం మరీ ఎక్కువంటారా, మార్కాపురం, కనిగిరి వైపు వాళ్ళకైనా ఇవ్వండి, ఒంగోలోళ్ళం ఎలాగోలా సర్దుకుంటాం.

ఈ చదువుకి లెక్కలు ముఖ్యం అనుకుంటారు గానీ, అవి కోచింగ్‌లో చెప్తారు. నిజంగా కావలసింది, ఉందని చెప్పిన వస్తువు కోసం ఒక తరం పాటు ఎదురుచూడగలగడం, చూస్తూ కూడా కోపం తెచ్చుకోకపోవడం. మూల కణాలకి బరువు రావడంతో ముడిపడిన హిగ్స్ కణం ఉండాలని 1964లో కాగితం మీద రాస్తే 2012లో కనబడింది. 48 ఏళ్ళు! ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. మనకేం కొత్త? కొండలో సొరంగాలు తవ్వి కృష్ణా నీళ్ళు తెచ్చే మన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన అయింది, సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది, నీళ్ళు మాత్రం ఆ వేడుకకి రాలేదు.

ఆ హిగ్స్ కణం తర్వాత కనబడిన సొరంగం, జెనీవా దగ్గర 27 కిలోమీటర్లది, దాన్ని 1985లో మొదలుపెట్టి 1988కల్లా తవ్వేశారు. అంత తొందరేమిటో! మన రెండు సొరంగాలూ ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకే, అయినా ఎన్ని ఎన్నికలకి పనికొచ్చాయి. వాళ్ళది ఒక్కదానికైనా పనికొచ్చిందా?

అదే 1996లో జపాన్ వాళ్ళు కొండ కింద కిలోమీటరు లోతున తొట్టి కట్టి, 50 వేల టన్నుల నీళ్ళు నింపి, ప్రోటాన్ ఎప్పుడైనా విచ్చిపోతుందా అని కాపలా మొదలెట్టారు. ఇప్పటిదాకా ఒక్కటీ విచ్చిపోలేదు. ఊరికే కూర్చోకుండా 1998లో న్యూట్రినోలు (దేన్నైనా దాదాపు తాకకుండా దూసుకుపోయే బుల్లి కణాలు) దారిలో రకం మార్చుకుంటాయని తేల్చారు, దానికి 2015లో నోబెల్ కూడా వచ్చింది. అదంతా సరే, కొండ కింద నీళ్ళు చూపించారు చూడండి, మాకు కుళ్ళు పుట్టింది అక్కడే.

మన దేశంలోనూ తమిళనాడు తేని దగ్గర న్యూట్రినో ప్రయోగశాలకి 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, ఖర్చు 1500 కోట్లు. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేద్దామన్నా కుదరదు. కొండ దాకా వెళ్ళకుండానే వ్యవహారం అనుమతుల దగ్గర, కోర్టుల దగ్గర చిక్కుకుంది.

ఇక థీసిస్. డార్క్ మేటర్ కోసం, అంటే విశ్వంలో ఉందంటున్నా కంటికి కనబడని పదార్థం కోసం, ఐదారేళ్ళు వెతికి, కనబడలేదండీ అంటే ఫెయిల్ చెయ్యరు. ఉంటే గింటే ఇంతకు మించి ఉండదని ఒక హద్దు గీస్తే చాలు, డాక్టరేట్ ఇస్తారు. ఈ సంగతి మన కాంట్రాక్టర్లకి ఎవరూ చెప్పినట్టు లేదు, లేకపోతే ఈపాటికి జిల్లా నిండా డాక్టర్లే.

జీతం? జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన మొదలెట్టిన వాళ్ళకిచ్చే ఫెలోషిప్, నెలకి 37 వేలు, ఇంటద్దె వేరే. సంబంధానికొచ్చిన వాళ్ళు, "దొరికిందాకా ఖాళీనేనా అబ్బాయి?" అని అడుగుతారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క విషయంలో మాత్రం మన నాయకులు ఈ శాస్త్రాన్ని చూసి నేర్చుకోవాలి. హిగ్స్ బరువు ఎంతో చెప్తూ 2015లో ఒక పేపర్ వేశారు, 33 పేజీలు, అందులో 24 పేజీలు పేర్లకీ వాళ్ళు పనిచేసే సంస్థలకే సరిపోయాయి. మొత్తం 5,154 మంది! అన్ని పేర్లు పట్టే శిలాఫలకం కావాలంటే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొండలో సగం కోయాలి. కాకపోతే పేర్లన్నీ అక్షర క్రమంలో వేస్తారు. మన ఎమ్మెల్యే గారి పేరు మూడువేల చిల్లర దగ్గర పడిందనుకోండి, ముసుగు తీయకుండానే కారెక్కి, ఆ కణాన్ని మొదటినుంచి మళ్ళీ కనిపెట్టమంటారు.