శిక్దార్ అంటే ఎవరెస్ట్ లెక్క ఒక్కటేనా?

రాధానాథ్ శిక్దార్ పేరు మనవాళ్ల నోట వచ్చేది ఎప్పుడూ ఒకే సందర్భంలో. ఎవరెస్ట్ ఎత్తు లెక్కగట్టింది బెంగాలీ, శిఖరానికి పెట్టింది మాత్రం తెల్లదొర పేరు అని. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే ఆ గొడవలో పడి ఆయన చేసిన అంతకంటే గొప్ప పనిని పట్టించుకోవడం మానేశాం.

1831లో, పద్దెనిమిదేళ్లకే, నెలకు 30 రూపాయల జీతం మీద, దేశాన్ని కొలిచే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో చేరారాయన. కొండల మీద తీసిన కోణాలను కూర్చుని లెక్కల్లోకి మార్చే ఉద్యోగం. సర్వే అధిపతి జార్జ్ ఎవరెస్ట్‌కే, శిఖరానికి పెట్టిన పేరు ఈ దొరదే, ఆయన లెక్కల మీద గురి కుదిరింది.

1843లో డెహ్రాడూన్‌లో సర్వే కూలీల చేత మేజిస్ట్రేట్ వాన్‌సిటార్ట్ తన సామాను ఉచితంగా మోయించుకున్నాడు. వెట్టి అంటే ఏమిటో నైజాం ఊళ్ల పెద్దలకు వేరే చెప్పక్కర్లేదు. శిక్దార్ ఆ సామానును అక్కడే ఆపించేశారు. జిల్లాను ఏలే దొరతో సర్వే ఆఫీసు గుమాస్తా తలపడటం ఆ రోజుల్లో మాటలా? కేసు నడిచింది, శిక్దార్‌కే 200 రూపాయల జరిమానా పడింది. చేరినప్పటి జీతంతో చూస్తే ఆరు నెలల పైచిలుకు సొమ్ము. డబ్బు పోయినా, కూలీల గోడు కలకత్తా పత్రికకెక్కింది.

ఇక ఎవరెస్ట్ సంగతి. 1852లో ఆయన డెహ్రాడూన్‌లో పై అధికారి గదిలోకి పరుగెత్తి ‘ప్రపంచంలో ఎత్తైన శిఖరం దొరికింది’ అన్నారనే కథ వినడానికి బాగుంటుంది గానీ నమ్మడం కష్టం. 1849 నుంచే ఆయన మకాం కలకత్తా. డెహ్రాడూన్‌లోనూ లెక్కలు కట్టినవాళ్లున్నారు. ఎవరి వాటా ఎంతన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి చూసిన శిఖరం అది. గాలి పొరల్లో చూపు వంగే తీరును సరిచేయడమే అందులో అసలు చిక్కు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పటి కొలత 8,848.86 మీటర్లతో పోలిస్తే తేడా ముప్పై అడుగులే.

కలకత్తాలో వాతావరణ పరిశీలనశాల బాధ్యత చూస్తూనే, 1854లో రచయిత ప్యారీచంద్ మిత్రాతో కలిసి ‘మాసిక్ పత్రిక’ తెచ్చారు. సంస్కృత పదాల బరువు లేకుండా, ఇంట్లో ఆడవాళ్లు చదువుకోగలిగే వాడుక బెంగాలీలో. ప్రభుత్వ జీతం తీసుకుంటూ సాయంత్రాలు ఇందుకు వెచ్చించిన మనిషిని గణిత మేధావి అని మాత్రమే పిలిస్తే సగమే చెప్పినట్టు.

1870లో ఆయన పోయారు. సర్వే శాఖ పాఠ్యగ్రంథంలో సాంకేతిక భాగాలు రాసింది ఆయనే అయినా, 1875 ముద్రణ పీఠికలో పేరు తీసేశారు. అప్పట్లోనే ఓ ఇంగ్లిష్ పత్రిక దీన్ని చచ్చినవాడి సొత్తు దోచుకోవడమేనని దుమ్మెత్తిపోసింది. 2004లో తపాలా శాఖ స్టాంపు వేసింది, సంతోషం. అదీ సర్వే పేరు మీదే. వాన్‌సిటార్ట్ సామాను ఆపిన రోజుకు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ చోటు లేదు.