కారు పోయిందా? ముందు అది మీదేనని రుజువు చేయండి

కారు పోయిన మనిషి మొట్టమొదట చేసే పని, దాన్ని నిలిపిన చోటికి మరోసారి వెళ్ళి చూడడం. ఖాళీ జాగాను నాలుగు వైపుల నుంచీ పరీక్షిస్తాడు. కొందరు వంగి నేల కూడా చూస్తారు, టన్నుకు పైగా బరువున్న వస్తువు ఏ మూలకో దొర్లి ఉంటుందన్నట్టు. నేను నవ్వడం లేదు, నేనూ వంగి చూశాను. అంతటితో ఆగక తాళంచెవి మీది మీట నొక్కి, ఎక్కడైనా కుయ్‌మంటుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. వీధి చివర ఒక కుక్క మాత్రం బదులిచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరుగుతాయంటారు. నా విషయంలో అది ఆరు గంటల్లోనే మొరిగింది కాబట్టి ఫిర్యాదేమీ లేదు.

కారు మాయమవడానికి దొంగ ఒక్కడే కారణం కాదని గ్రహించడం రెండో మెట్టు. పక్క వీధిలో నిలిపి మరచిపోయి ఉండవచ్చు. పార్కింగ్ భవనంలో అంతస్తు పొరబడి ఉండవచ్చు. నిలపకూడని చోట నిలిపినందుకు అధికారులే లాక్కుపోయి ఉండవచ్చు. వాయిదాలు కట్టనందుకు అప్పిచ్చినవారు తీసుకుపోయినా ఆశ్చర్యం లేదు, ఆ సంగతి మీకే బాగా తెలుస్తుంది. ఇంట్లో రెండో తాళంచెవి ఉందో లేదో కూడా చూసుకోండి. అది కనబడక, ఈ వేళకు మంచం మీద ఉండవలసిన కుమారరత్నమూ కనబడకపోతే, పోలీసుల దాకా వెళ్ళనవసరం లేదు.

ఇవేవీ కాకపోతే ఇక ఆలస్యం చేయకుండా స్టేషనుకు వెళ్ళాలి. అసలు జ్ఞానోదయం అక్కడే. బండి నంబరు అడుగుతారు, గడగడా చెబుతాం. రంగు అడుగుతారు, చెబుతాం. అక్కడితో ధైర్యం వచ్చి కుర్చీలో వెనక్కి వాలుతాం. అప్పుడు అడుగుతారు, చాసిస్ నంబరు. అది 17 అక్షరాలూ అంకెలూ కలిసిన మంత్రం. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఉండాలని అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలను వాడరు. ఆ ముందుచూపు మెచ్చుకోదగ్గదే. ఎటొచ్చీ, ఒక్క అక్షరం కూడా గుర్తులేనివాడు పొరబడేది ఎక్కడ?

ఆ నంబరు ఎక్కడ ఉంటుంది? ముందు అద్దం కింది మూలన, తలుపు చట్రం మీద, రిజిస్ట్రేషన్ పత్రంలో. అద్దమూ తలుపూ కారుతోనే వెళ్ళాయి. పత్రం డ్యాష్‌బోర్డు సొరుగులో భద్రంగా ఉంది. దాని పక్కనే బీమా పత్రం, సర్వీసు బిల్లులు, అవసరానికి ఉంటుందని దాచుకున్న ఇంటి తాళంచెవి. అంటే ఈ క్షణాన దొంగ దగ్గర కారు ఉంది, కారుకు సంబంధించిన కాగితాలన్నీ ఉన్నాయి. నా దగ్గర ఒక తాళంచెవి, బోలెడంత బాధ ఉన్నాయి. దారిన పోయే పెద్దమనిషిని పిలిచి పంచాయితీ పెడితే యజమాని ఎవరని తీర్పు చెబుతాడు?

కాబట్టి కాగితాలను ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి, ఫోను కారులో ఉంచకండి. ఇంటి తాళం మార్చండి, ఎందుకంటే చిరునామా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంది. చదివే ఓపిక లేని దొంగకైతే, దారి చూపే తెర మీద ‘ఇల్లు’ అన్న మీట నొక్కితే చాలు, కారే దగ్గరుండి తీసుకువస్తుంది. సీటు మీద పర్సు వదిలి ఉంటే బ్యాంకు కార్డులు ఆపించండి. టోల్ చెల్లించే ట్యాగునూ ఆపించండి. లేకపోతే దొంగ ప్రయాణ ఖర్చులు కూడా మనమే భరించాలి, అది మరీ మర్యాద ఎక్కువవుతుంది.

ఇక బీమా. ఫిర్యాదు సంఖ్య చేతికి రాగానే, వీలైతే ఆ రోజే వారికి తెలియజేయాలి. కేవలం థర్డ్ పార్టీ బీమా ఉన్నవారు ఇక్కడే లేచి ఇంటికి వెళ్ళవచ్చు. మన కారు ఇతరులకు చేసే నష్టాన్నే అది చూసుకుంటుంది, మన నష్టం మన సొంత వ్యవహారం. సమగ్ర బీమా ఉన్నవారి దగ్గరికి దర్యాప్తు అధికారి వస్తాడు. ఎంతో మృదువుగా, తాళంచెవులు రెండూ ఇవ్వమంటాడు. ఒకటే ఉందంటే అతని కళ్ళు అనుమానంతో చిన్నవవుతాయి. రెండూ ఇస్తే, మరి తాళంచెవి లేకుండా కారు ఎలా పోయిందని అడుగుతాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే పరిస్థితి మంచివాడికే ఎక్కువగా వస్తుంది. నేను రెండు చేతులతోనూ తడుముకున్నాను.

తాళంచెవి లేకుండా ఎలా పోతుందో చెప్పడానికి పరిశోధకులు ఉన్నారు, అదృష్టం. జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే తాళంచెవి ఉంది కదా, కారూ అదీ రేడియో సంకేతాలతో మాట్లాడుకుంటాయి. గోడ అవతల ఒకడు, కారు పక్కన ఇంకొకడు పరికరాలతో నిలబడి ఆ మాటలను మోస్తే, యజమాని వచ్చాడనుకుని కారు ఎంతో విధేయంగా తలుపు తీస్తుంది. 2011లో జూరిచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ళ మీద ఈ ఉపాయం ప్రయోగించారు. పదీ లొంగిపోయాయి. అప్పటి నుంచి తెలిసినవారు తాళంచెవిని రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నారు. శాస్త్రం ఇంత ముందుకు వెళ్ళి చివరికి రేకు డబ్బా దగ్గర ఆగింది.

క్లెయిమ్ మంజూరైనా కొన్న ధర రాదు. తరుగుదల పోను మిగిలినదే వస్తుంది. కారు అప్పుకు మాత్రం తరుగుదల ఉండదు. కారు పోయిందని వాయిదా ఆగదు, పరిహారం వచ్చేదాకా కనబడని కారుకు నెలనెలా కడుతూనే ఉండాలి. ఇందులో ఆధ్యాత్మికత ఉందని ఒక బంధువు ఓదార్చాడు. ఆయన కారు ఆయన వాకిట్లోనే ఉంది.

కారులో ట్రాకర్ ఉన్నవారికి వేరే ప్రమాదం ఉంది. మ్యాపులో నీలి చుక్క కనబడగానే వీరరసం పొంగుతుంది. దయచేసి వెళ్ళకండి. ఆ చుక్క దగ్గర ఎంతమంది ఉన్నారో మ్యాపు చెప్పదు. ఆ వివరం పోలీసులకు చెప్పి కూర్చోవాలి. ఒకవేళ కారు దొరికినా వేలిముద్రలు తీసేదాకా తాకకూడదు. పరిహారం పుచ్చుకున్నాక దొరికితే సాధారణంగా అది బీమా కంపెనీ సొత్తు. అప్పుడు దూరం నుంచి చూసి పలకరించవచ్చు.

నా కారు దొరకలేదు. మూడు వారాల తర్వాత ఒక కవరు వచ్చింది, వేగపరిమితి దాటినందుకు జరిమానా. లోపల కెమెరా తీసిన ఫోటో. దొంగ సీటు బెల్టు పెట్టుకున్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఫిర్యాదు ప్రతి జతచేసి, నడిపింది నేను కాదని రాసి పంపాను. నోటీసు మాత్రం ఇవ్వలేదు, దాచుకున్నాను. అన్ని కార్యాలయాలు తిరిగాక, ‘ఈ వాహన యజమాని’ అని నన్ను లిఖితపూర్వకంగా ఒప్పుకున్న కాగితం అదొక్కటే.